గంధం ఆరని రాయి

మా వాణిని ఏ కాలేజీకి పంపాలో తేల్చమని మేం ఒక రాయిని అడిగాం. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పిల్లల జాతకాలు సంకలో పెట్టుకుని తిరిగేవాళ్ళు, ఫోన్‌లో పేరు కొట్టి రాశి చూసుకునేవాళ్ళు మా ఆళ్ళగడ్డలో బోలెడంతమంది. మేం విగ్రహాలు చెక్కే వాళ్ళం. మాకు తెలిసింది రాయి, దాన్నే అడిగాం.

నా పేరు ఆదెమ్మ. ఓబులేసు నా తమ్ముడు. షెడ్డులో వాడిది ఉలి పని, నాది పాలిష్ పని. చెక్కిన విగ్రహం మీద నీళ్ళు పోస్తూ రుద్ది రుద్ది మనిషి చర్మంలా నున్నగా చేస్తాను. మొగుడు పోయి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి అదే నా బతుకు. వాణి వాడి కూతురు. తల్లి ఆ పిల్లకు మాటలు రాకముందే జ్వరంతో పోయింది. అన్నం పెట్టింది నేను, జడ వేసింది నేను, వీపు మీద రెండు వేసిందీ నేనే. కాబట్టి ఆ పిల్ల సంగతిలో నోరు చేసుకునే హక్కు నాకుంది, చేసుకుంటాను కూడా.

వాణి నంద్యాలలో ఇంటర్ చదివింది. మంచి మార్కులొచ్చాయి. ఇంకేముంది, కంప్యూటర్ చదువే అని వీధంతా తీర్మానించేసింది. అది మాత్రం ఒకనాడు బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది.

"నాయనా, నేను నీళ్ళ చదువు చదువుతా."

"నీళ్ళకు చదువేందీ?" అన్నాడు ఓబులేసు.

ఉందట. సముద్రం ఒడ్డున ఒక యూనివర్సిటీలో నాలుగేళ్ళ డిగ్రీ. పేరే బారెడు: నీటి, సముద్ర వనరుల నిర్వహణ. ఏట్లో నీళ్ళెన్ని, భూమి కింద ఎన్ని, సముద్రంలో చేపలు ఎంత పట్టొచ్చు, ఎంత వదిలెయ్యాలి, ఉప్పునీళ్ళు యాడిదాకా జొరబడి మంచినీళ్ళను చెడగొడతాయి, ఇవన్నీ నేర్పుతారట.

"కుందూ ఏరు పొంగితే చేలు మునుగుతాండాయి. ఎండాకాలం వస్తే బిందె కోసం జుట్లు పట్టుకుంటాండారు. రెండూ ఒగే ఊర్లో," అంది వాణి. "నీళ్ళు లేక గాదు నాయనా. సూసుకునేవాళ్ళు లేక."

అక్కడితో ఆగలేదు. ఇంట్లో పరిచిన నాపరాయి బండల మీద వేలు పెట్టి చూపించింది. వాటి మీద వంకర టింకరగా గీతలుంటాయి, పొయ్యి దగ్గర బండ మీద మరీ ఎక్కువ. "ఇవి అలల గుర్తులత్తా. ఈ సీమంతా ఒకప్పుడు సముద్రం. మా సార్ చెప్పినాడు."

"ఇన్నేళ్ళుగా నేను ఊడ్చేది సముద్రాన్నా? అందుకే నడుం పోయింది," అన్నాను. ఓబులేసు నవ్వాడు. వాడు నవ్వాడంటే సగం ఒప్పుకున్నట్టే. ఫోన్‌లో కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి ఇంకా వ్యవధి ఉంది, చూద్దాంలే అన్నాడు.

ఆ వారమే నంద్యాల నుంచి ఇద్దరు భార్యాభర్తలు మా షెడ్డుకు వచ్చారు. ఆయన ప్రేమ్ సాగర్, ఆమె నిర్మల. ఇద్దరూ టీచర్లు, చర్చికి పోయే మనుషులు. కొడుకు బొమ్మ చేయించాలట, రొమ్ము దాకా. ఈ మధ్య మాకు దేవుళ్ళ పని తగ్గి పోయినవాళ్ళ పని ఎక్కువైంది. పొలం గట్టు మీద తండ్రిని నిలబెట్టుకునేవాళ్ళు, సమాధి మీద భార్యను కూర్చోబెట్టుకునేవాళ్ళు. అందులో వింతేం లేదు.

నిర్మల ఫోన్‌లో ఫోటో చూపించింది. ఇరవై ఏళ్ళ పిల్లోడు. హర్ష అట పేరు. నుదుటి మీద జుట్టు పడి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"సెలవు రోజు స్నేహితులతో సముద్రానికి పోయినాడన్నా," అంది ఆమె ఓబులేసుతో. "అందరూ ఒడ్డుకొచ్చినారు. వాడు రాలే. వెతికినారు, దొరకలే. స్మశానంలో పెట్టె మాత్రం పెట్టినాం, వాని బట్టలేసి. మోసినోళ్ళకు బరువే లేకపాయె."

ప్రేమ్ సాగర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఏం చదువుతాండె పిల్లోడు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె ఆ బారెడు పేరు చెప్పింది. అదే చదువు, అదే యూనివర్సిటీ.

వాకిట్లో ఏదో పడ్డ చప్పుడైంది. వాణి చేతిలో చెంబు జారింది. తర్వాత చెప్పింది నాకు, నంద్యాలలో వాళ్ళ కాలేజీకి వచ్చి ఆ చదువు గురించి పిల్లలకు చెప్పింది ఈ హర్షేనని. దానికి ఆ ఆశ పుట్టించిందే ఆ పిల్లోడు.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. దేవుడి విగ్రహానికి రాయి ఎంచుకున్నప్పుడు దాని ఒళ్ళంతా గంధం పూసి వదిలేస్తాం. అంతా ఆరిపోయి ఒక్కచోట మాత్రం తడి నిలిచిందంటే ఆ రాయి కడుపులో నీళ్ళున్నట్టు. కడుపురాయి అంటాం. దాని మీద ఉలి పెట్టకూడదు. తీసుకుపోయి ఏట్లోనో బావిలోనో వెయ్యాలి, నీళ్ళది నీళ్ళకిచ్చెయ్యాలి. మా తాత కాలం నుంచీ ఇదే పద్ధతి. కానీ అది దేవుళ్ళకి. మనుషుల బొమ్మలకి ఎవరు చూస్తారు? ఓబులేసు చూడలేదు. పెద్ద నల్లరాయి ఒకటి ఉంటే మధ్యకు చీల్చి ఒక సగంలో హర్షను మొదలుపెట్టాడు, ఇంకో సగం గోడకు ఆనించాడు. ఉలి ఎత్తేముందు నేనైనా గుర్తుచేయొచ్చు. నాకూ తట్టలేదు.

మొహం బాగా వచ్చింది. మరీ బాగా వచ్చింది. కళ్ళు మాత్రమే మిగిలాయి. కళ్ళు ఎప్పుడూ చివరే కదా. ఆ స్థితిలో బొమ్మ నా చేతికి వచ్చింది. నీళ్ళు పోసి రుద్దాను, గుడ్డతో తుడిచాను, ఎండకు వదిలాను. జూన్ నెల మా ఆళ్ళగడ్డ ఎండ ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు, ఆరేసిన చీర ఇటు తిరిగేలోపు అట్టలా అవుతుంది. బొమ్మంతా ఆరింది. ఎడమవైపు రొమ్ము మీద అరచేయంత మేర మాత్రం నల్లగా, తడిగా ఉంది.

తుడిచాను. మళ్ళీ వచ్చింది. బూడిద చల్లాను. బూడిద ముద్దయింది. ఓబులేసును పిలవకముందు నేనే చెవి పెట్టి, భుజం పట్టుకుని కొంచెం కదిపాను. కొబ్బరికాయ ఊపితే వచ్చే చప్పుడు వచ్చింది లోపల. తప్పు, కొబ్బరికాయలో అయితే ఊపడం ఆపితే చప్పుడూ ఆగుతుంది. ఇది ఆగలేదు. పోతోంది, వస్తోంది, పోతోంది, వస్తోంది.

అబద్ధం ఎందుకు, ఆ నిమిషంలో బొమ్మను అట్లే వదిలేసి పారిపోదామనిపించింది.

వాణి వచ్చి ఆ తడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఆపేలోపే.

"ఉప్పగా ఉందత్తా."

"ఉమ్మెయ్! థూ అని ఉమ్మెయ్!" అని అరిచాను. ఉమ్మలేదు. మింగింది.

"పాత సముద్రం," అంది మెల్లగా. "రాయి పుట్టినప్పుడు లోపల ఇరుక్కునింటాది. భయమెందుకు?" దానికి సమాధానాలెప్పుడూ ఉంటాయి. కానీ మాట చెబుతూ చెబుతూ బొమ్మ మొహం వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఓబులేసు చూశాడు, చెవి పెట్టి విన్నాడు, తలపాగా తీసి నేల మీద కూలబడ్డాడు. ఇచ్చేది కాదు, కొత్తది చేసిద్దాం, దీన్ని కుందూలో వేద్దాం అన్నాడు. ఆ మాట అయీ అవకముందే వాకిట్లో కారు ఆగింది. కళ్ళు పెట్టేముందు మొహం పోలిక చూసుకోమని వాళ్ళను పిలిచింది మేమేనన్న సంగతే మరిచిపోయాం.

నిర్మల తిన్నగా బొమ్మ దగ్గరికి నడిచింది. ముందు నుదురు తడిమింది. తర్వాత చెంప. తర్వాత ఆమె చెయ్యి రొమ్ము మీది తడికి తగిలి ఆగిపోయింది. ఆమె వంగి అక్కడ చెవి ఆనించింది. ఎంతసేపు ఉందో, షెడ్డులో మేం ఎవరం కదల్లేదు.

"ఈడున్నాడు," అంది.

"అమ్మా, ఇది ఇయ్యగూడని రాయి," అన్నాడు ఓబులేసు చేతులు జోడించి. "తప్పు మాది. ఇంకోటి చేసిస్తా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"వాని పెట్టె ఖాళీగా ఉందన్నా. ఇంగ ఉండదు." ఆమె లేచి నిలబడింది. చెంప మీద తడి అట్లే ఉంది, తుడుచుకోలేదు. "కళ్ళు తెరవొద్దు. నిద్రపోనీ. ఇట్లే ఇయ్యండి."

కన్నతల్లి అట్లా అడిగితే ఎవడు కాదంటాడు? మూసిన కళ్ళతోనే బొమ్మను కారెక్కించాం. ప్రేమ్ సాగర్ ఓబులేసు భుజం మీద చెయ్యేసి నొక్కి, పోయి కార్లో కూర్చున్నాడు. నిర్మల మాత్రం కారెక్కకుండా వాణి దగ్గరికి వచ్చింది.

"నువ్వేం చదువుతావు పాపా?"

వాణి నా వైపు చూసింది. నేను వద్దని కళ్ళతో సైగ చేశాను. అది చెప్పేసింది. దానికి అబద్ధం చేతకాదు, అప్పట్లో.

నిర్మల దాని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె మొహం వెలిగింది. దేవుడి మీద ఒట్టు, అంత దుఃఖంలో ఉన్న మనిషి మొహం అట్లా వెలగడం నేను చూడలేదు, మళ్ళీ చూడకూడదు.

"పోమ్మా," అంది. "నువ్వు పో. వాడాడ ఒక్కడే ఉన్నాడు."

కారు వెళ్ళిపోయాక ఓబులేసు ఒక్కటే మాట అన్నాడు. "పంపను."

అప్పటినుంచి ఇల్లు రచ్చబండ అయింది. వాణి అరుస్తుంది, వాడు అరవడు. "నంద్యాలలో కంప్యూటర్ చదువు, లేదా ఇంట్లో కూర్చో" అంటాడు, బయటికి పోతాడు. "ఆమె ఏడుపులో అన్న మాటకు నా చదువు ఆపుతావా నాయనా?" అంటుంది ఇది. "సముద్రం ఇంటికొచ్చి పిలుస్తాంటే నీకు వినపడలే?" అంటాడు వాడు. ఇద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్క. పిల్ల న్యాయం నాకు తెలుస్తోంది. కానీ కళ్ళు మూస్తే ఆ చప్పుడు వినిపిస్తోంది, పోతోంది, వస్తోంది. వాణి అన్నం మానేసింది. ఆప్షన్లకు రేపే ఆఖరు అన్న రోజు దాని మొహం చూడలేక నేనే తమ్ముడి మీద పడ్డాను.

"రేయ్, ఏదో ఒగటి తేల్చు. పిల్లని చంపుతాండావు నువ్వు, సముద్రం గాదు."

వాడు గోడకు ఆనించిన ఆ మిగతా సగం రాయి వైపు చూశాడు.

"దానికి గంధం పెడదాం," అన్నాడు. "పొద్దుగూకే లోపల ఆరితే, ఆ కత ఆ పిల్లోనితోనే అయిపాయె అనుకుంటా, పంపిస్తా. ఆరకపోతే, సముద్రం ఇంగా అడుగుతాంది అనుకుంటా. ఆ పైన నన్నెవరూ అడగగూడదు."

"రాయి చెప్పినట్టు వినేదానికేనా నేను ఇంటర్ చదివింది?" అంది వాణి. కానీ బయటి ఎండ చూసి ఒప్పుకుంది. ఆ ఎండకు గంధమే కాదు, గంధం పూసిన మనిషి కూడా ఆరిపోతాడు. నాకూ ధైర్యం వచ్చింది.

పొద్దున్నే రాయిని వాకిట్లో ఎండలోకి దొర్లించాం. గంధం ముద్ద పూసింది వాణే. అంతా పూసి, నా వైపు చూసి నవ్వి, మధ్యలో కుడి అరచెయ్యి గట్టిగా ఒత్తింది. "ఇదో, నా సంతకం," అంది. చాలా రోజులకు నవ్వింది కదా అని నేనూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి గంధం తెల్లబారింది. తర్వాత బీటలు తీసి పెచ్చులు లేవడం మొదలైంది. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను, మనసులో పిల్లకు పెట్టెలో ఏమేమి సర్దాలో లెక్కేసుకుంటున్నాను. చారుపొడి, గోంగూర పచ్చడి, దుప్పటి. ఎండ కొంచెం వాలాక దగ్గరికి పోయి చూశాను.

అరచెయ్యి ఆరలేదు. చుట్టూ అంతా సున్నం గోడలా పొడిగా ఉంటే మధ్యలో ఐదు వేళ్ళూ, అరచెయ్యీ తడిగా, నల్లగా, ఇప్పుడే ఎవరో ఒత్తి తీసినట్టు ఉంది. వేలు పెట్టి నాలుకకు తాకించుకున్నాను. ఉప్పు.

అక్కడే కూర్చుండిపోయాను. నా పిల్ల చెయ్యి అది. చిన్నప్పుడు జ్వరమొస్తే నా మెడ చుట్టూ వేసుకుని పడుకున్న చెయ్యి.

ఓబులేసు ఎప్పుడు వచ్చాడో, నా వెనక నిలబడి ఉన్నాడు. వాడూ చూశాడు. వాడి మొహంలో ఏం కనిపించిందంటే నేను చెప్పలేను, వాడు దేవుళ్ళకు కూడా అట్లాంటి మొహం చెక్కలేదు.

"వాణి యాడుంది?" అన్నాడు.

"మిద్దె మీద."

"పిలుచుకురాపో అక్కా. ముగ్గురం కలిసి సూద్దాం."

మిద్దె మెట్లు ఎక్కుతూ ఆ పిల్లకు ఎట్లా చెప్పాలా అని మాటలు కూడదీసుకున్నాను. ఇద్దరం దిగి వచ్చేసరికి ఓబులేసు రాయి పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

"ఆరింది," అన్నాడు. "పో. చదువుకోపో."

రాయంతా తెల్లగా, పొడిగా ఉంది. మధ్యలో మాత్రం గంధం పొడి కొత్తగా, ఒత్తుగా అద్ది ఉంది.

"నా చెయ్యి గుర్తేదీ?" అంది వాణి.

"ఎండకు రాలిపోయింది," అన్నాడు తండ్రి. అది వాడి మెడ పట్టుకుని ఎగిరింది. వాడి వెనక, వాడి చేతుల్లో, భుజం మీద ఉండాల్సిన తువాలు ఉండచుట్టి ఉంది. నీళ్ళు కారుతున్నాయి దాన్నుంచి. బొట్టు బొట్టుగా, చాలాసేపు.

నేను నోరు విప్పలేదు. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. భయంతోనే మూసుకున్నాను అనుకున్నాను మొదట. కాదు. పంపనని భీష్మించుకున్న ఆ మొండి వెధవ, తను నమ్మిన దాన్నే తన చేత్తో తుడిచేసి కూతురు అడిగింది ఇచ్చాడు. వాడి మీద ప్రేమతో మూసుకున్నాను.

వాణి వెళ్ళింది. హాస్టల్ బాగుందంది, అన్నం బాగాలేదంది, చేపల పేర్లు నాకు ఫోన్‌లో ఒప్పజెప్పింది. వానలు పడ్డాయి, తగ్గాయి. ఒకరోజు మాటల మధ్యలో నవ్వుతూ చెప్పింది.

"అత్తా, నా కుడి చెయ్యి ఎప్పుడూ చెమ్మగానే ఉంటాంది. పెన్ను జారిపోతాంది. సముద్రపు గాలికంట."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఓబులేసు ఉలి పక్కన పెట్టాడు. ఆటో ట్రాలీ పిలుచుకొచ్చాడు. ఏందీ, యాడికి అని నేను అడగలేదు, చీర కుచ్చిళ్ళు దోపుకుని రాయికి ఒక పక్క నేనూ పట్టాను.

కుందూ నిండుగా పారుతోంది. కుందూ పోయి పెన్నలో కలుస్తుంది, పెన్న పోయి సముద్రంలో కలుస్తుంది. అది నాకు వాణే చెప్పింది. ట్రాలీ అతనూ మేమూ కలిసి గట్టు మీంచి రాయిని దొర్లించాం. ఓబులేసు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఎవరో ఎదురుగా ఉన్నట్టు మాట్లాడాడు.

"నీది నీకిచ్చినాం. మాది మాకియ్యి."

రాయి మునిగిన చోట బుడగలు వచ్చాయి. ఆగుతాయేమో అని చూశాం. ఆగలేదు. ట్రాలీ అతను విసుక్కుని బండి స్టార్ట్ చేశాక ఓబులేసు నా వైపు తిరిగాడు. అంత పెద్ద మనిషి, చిన్నప్పుడు చీకటికి జడిసి నా పక్కలో దూరినప్పటిలాగే అడిగాడు.

"అక్కా, ఆ పొద్దు నువ్వూ సూసినావు గదా. ఆరింది గదా?"

"ఆరింది," అన్నాను వెంటనే.

వాడు తలూపాడు. నేను అక్కడే, ఆ గట్టు మీదే ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. వాణి ఎత్తింది. దాని వెనక సముద్రం వినిపిస్తోంది, పోతోంది, వస్తోంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

"పాపా, చెయ్యి ఎట్లుంది?"

"ఆరిందత్తా," అంది అది. ఆలోచించకుండా, నేను దాని తండ్రికి చెప్పినంత వెంటనే చెప్పింది.